లోపల ఉన్నది నేనే

నన్ను మొదటిసారి ఎత్తినవాళ్ళందరూ ఒకటే మాట అంటారు: "అబ్బో, ఎంత బరువుందో!" ఆ బరువంతా పైకి కనిపించే నల్లటి బేకలైటు పెంకుది కాదు. అది ఊడదీసి చూస్తే లోపల రెండు గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి, ఆ సుత్తిని ఆడించే రాగితీగ చుట్టలు, రేకు డబ్బాలో ఒక కెపాసిటరు, ఇండక్షన్ కాయిలు, అడుగున ఇనుప పలక కనిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ అందం కోసం పెట్టింది కాదు. ఇది ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే నా బతుకులో ఒక దశలో నన్ను అచ్చం అందం కోసమే అమ్మారు.

నేను పుట్టింది బెంగళూరులో, ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో. అందరూ ఐ.టి.ఐ. అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో మొదలైన ప్రభుత్వ ఫ్యాక్టరీ. తొలిరోజుల్లో లివర్‌పూల్‌లోని ఆటోమాటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ సాయంతో పని నేర్చుకుంది. నాలో ఇంగ్లీషు ఫోన్ల పోలికలు అందుకే వచ్చాయి. వాటికి దారి చూపింది మళ్ళీ ఒక నార్వే చిత్రకారుడు, జీన్ హైబర్గ్. 1930ల మొదట్లో ఎరిక్సన్ కంపెనీ కోసం ఆయన దిద్దిన బేకలైటు ఫోను దేశదేశాల ఫోన్ల రూపం మార్చేసింది. బేకలైటు 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన పదార్థం. అచ్చులో ఒకసారి గట్టిపడిందంటే ఎంత వేడికీ మళ్ళీ కరగదు. అందుకే మా పెంకు పగిలితే అతుక్కోవాల్సిందే, కరిగించి తిరిగి పోత పోసుకునే వీలుండదు.

నా మొదటి ఇల్లు హైదరాబాదు నారాయణగూడలో ఒక డాక్టరుగారిది. అప్పట్లో ఫోను ఇంటివాళ్ళ సొంతం కాదు, తపాలా తంతి శాఖది. అద్దె కట్టి వాడుకోవాలి. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు ఎందరో గనక, వచ్చిన ఒక్క ఫోనూ వీధి మొత్తానిదయ్యేది. ఎదురింటివాళ్ళు ఉత్తరాల్లో మా నంబరు రాసి, ఫోను తమది కాదని తెలిసేలా పక్కన 'పి.పి.' అని పెట్టుకునేవారు. దూరపు ఊళ్ళకు ట్రంకు కాలు బుక్ చేసి మా వరండాలో కూర్చునేవారు. ఆర్డినరీ అయితే ఎప్పుడొస్తుందో దేవుడికెరుక, తొందరైతే అర్జెంటు, ప్రాణం మీదికొస్తే లైట్నింగు. రాత్రి రెండింటికి నేను మోగితే డాక్టరుగారు రెండో మోతకల్లా అందుకునేవారు. పురుళ్ళూ, పాముకాట్లూ, పెళ్ళి ముహూర్తాలూ అన్నీ నా తీగలోంచే నడిచాయి.

నా డయలు సంగతి ఈ కాలం పిల్లలకు చెప్పాలి. వేలు పెట్టి తిప్పినప్పుడు అది మాట్లాడదు, వదిలాక వెనక్కి వచ్చేటప్పుడు మాట్లాడుతుంది. అయిదు తిప్పితే లైను అయిదుసార్లు తెగి అతుక్కుంటుంది, సున్నా అయితే పదిసార్లు. సెకనుకు పది తెంపులు, అదీ లెక్క. అటు ఎక్స్‌ఛేంజిలో స్ట్రౌజర్ సెలెక్టర్లు ఆ తెంపుల ప్రకారం మెట్టు మెట్టుగా పైకెక్కి, పక్కకు తిరిగి, కావలసిన నంబరును పట్టుకునేవి. ఆ పద్ధతికి 1891లో పేటెంటు తీసుకున్న ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో శవసంస్కారాల వ్యాపారి. ఆపరేటరు చేయి పడకుండానే మనిషికి మనిషిని కలిపిన ఘనత ఆయనది.

1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ వచ్చింది, తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజీలు వరస కట్టాయి, మీటల ఫోన్లు ఇంటింటికీ చేరాయి. నన్ను శాఖవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అక్కడినుంచి గోదాము, వేలం, తుక్కు కొట్టు. చివరికి పాత వస్తువులమ్మే ఒక దుకాణదారు నన్ను కొని, ఒళ్ళంతా బంగారు రంగు ఎనామిలు పూసి, తీగ కత్తిరించి, అద్దాల బీరువాలో పెట్టాడు. నా పక్కనున్న ఫోనుకైతే లోపలిదంతా పీకి బల్బు హోల్డరు బిగించారు. దాని గంటలూ, కాయిలూ ఏ చెత్తబుట్టలో పడ్డాయో! ఆ రంగు కింద నా నలుపును నేనే మరిచిపోయేదాన్ని, ఒక పెద్దాయన వచ్చి నన్ను తలకిందులు చేసి అడుగున ఐ.టి.ఐ. ముద్ర చూడకపోయి ఉంటే.

ఆయన రిటైరయిన టెలిఫోన్ మెకానిక్. బేరం కూడా సరిగా ఆడలేదు. ఇంటికి తీసుకెళ్ళి, పాత పంచె పరిచి, నా అడుగు స్క్రూలు విప్పి, లోపలికి టార్చి వేసి చూసి "అన్నీ ఉన్నాయే!" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

ముందు రంగు తీశాడు. గరుకు కాగితం మాత్రం దగ్గరికి రానివ్వలేదు. బేకలైటులో రంపపు పొట్టులాంటి కొయ్యపొడి కలిపి ఉంటుంది. పైన నున్నటి పొర అరిగితే ఆ పొడి బయటపడి, ఎంత తోమినా మెరుపు రాదు. థిన్నరులో తడిపిన గుడ్డతో ఓపిగ్గా తుడిచి, మడతల్లో వెదురు పుల్లతో గీకి, ఆఖర్న బ్రాసోతో రుద్దాడు. ఇంజినీరింగు చదివే మనవరాలు పక్కన కూర్చుని చెవి వైపు అంచు చూపించింది. "తాతయ్యా, ఇక్కడ పెచ్చు ఊడిపోయింది." "దానికి మందు వేరే ఉందమ్మడూ, ఆగు" అన్నాడాయన.

డయలు పని మాత్రం చూసి తీరాల్సింది. దాని వెనక గవర్నరని ఒకటుంటుంది. సన్నటి ఇరుసు మీద రెండు బుల్లి బరువులు. ఇరుసు జోరుగా తిరిగితే అవి విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెకు రాసుకుంటాయి, వేగం దానంతటదే అదుపులోకొస్తుంది. ఏనాటిదో నూనె అక్కడ బంకలా గడ్డకట్టింది. సున్నా తిప్పి వదిలితే నా డయలు ఈడ్చుకుంటూ, మధ్యలో ఆగుతూ వచ్చేది. ఆయన దాన్ని పళ్ళెంలో విప్పి, పళ్ళచక్రాలను స్పిరిటుతో బ్రష్షు పెట్టి కడిగి, ఆరబెట్టి, సూది మొనతో గడియారాల నూనె తాకించాడు. తాకించాడంతే, బొట్టు కూడా కాదు. గవర్నరు గిన్నెలో అసలు నూనె పడకూడదు, పడితే రాపిడి పోయి డయలు పరుగెత్తుతుంది. తర్వాత మనవరాలు ఫోనులో నా చప్పుడు రికార్డు చేసి, తెంపులను తెర మీద గీతలుగా చూపించింది. పది గీతలకు సెకను పట్టేదాకా ఆయన స్ప్రింగు బిగిస్తూ వదులుతూ కూర్చున్నాడు.

రిసీవరు పెట్టే చోట ఉండే స్ప్రింగుల కాంటాక్టులకు కూడా గరుకు కాగితం తగలనివ్వలేదు. పాత శుభలేఖ అట్ట ముక్క వాటి మధ్య దూర్చి, పైనుంచి సున్నితంగా నొక్కి, లాగేశాడు. అట్ట మీద నల్లటి చార పడింది. మళ్ళీ శుభ్రమైన చోటు దూర్చి లాగాడు. చార పడడం ఆగేదాకా అదే పని.

కెపాసిటరు దగ్గర మాత్రం కొత్తదానికి చోటివ్వక తప్పలేదు. లైను మీద ఎక్స్‌ఛేంజి ఎప్పుడూ పెట్టి ఉంచే డైరెక్టు కరెంటును గంట వైపు పోనివ్వకుండా ఆపేది అదే. మైనం కాగితం చుట్టలు చెమ్మ పట్టి అది లీకవుతోంది. లీకయితే నేను పెట్టేసి ఉన్నా ఎవరో ఎత్తారనుకుంటుంది ఎక్స్‌ఛేంజి. రెండు మైక్రోఫారడ్ల కొత్తది బొటనవేలంత ఉంది. పాతదాని తీగలు విప్పి పక్కకు జరిపి, దాని రేకు డబ్బా ఉన్నచోటే ఉంచి, వెనక కొత్తది కట్టాడు. టంకం వేయలేదు, స్క్రూల కిందే బిగించాడు. "రేపు ఇంకెవరైనా విప్పితే ముందేముందో తెలియాలి" అన్నాడు. ఈ ఒక్క నియమం పాటించేవాళ్ళ చేతికి పాత వస్తువును నిర్భయంగా ఇవ్వొచ్చని నా నమ్మకం.

అసలు తిప్పలు నోటి దగ్గర. నా ట్రాన్స్‌మిటరులో కార్బన్ రవ్వలుంటాయి. మాట తగిలి పలుచటి రేకు కదిలితే రవ్వలు నొక్కుకుంటాయి, వదులవుతాయి. దాంతో వాటిలోంచి పారే కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులే మాట. ఏళ్ళ చెమ్మకు రవ్వలు గడ్డకట్టాయి. అరచేతికేసి తడితే కాసేపు విడిపోయి, మళ్ళీ మొదటికొచ్చేది. నోరు పడిపోయినదాన్ని ఎంత మెరుగుపెట్టి ఏం లాభం?

ఆయన కాలికి బలపం కట్టుకు తిరిగాడు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే కొట్టతను నవ్వాడు. "కార్బన్ మైకా? మా నాయన ఉన్నప్పుడు ఉంటుండె." మనవరాలు సన్న ఎలక్ట్రెట్ మైకు తెచ్చింది. పాత బిళ్ళ సైజులోనే అచ్చు పోసి అమ్ముతారట, మాట తేటగా ఉంటుందట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిదేనమ్మా. కానీ దీని గొంతు ఇది కాదుగా." ఆ పిల్ల ఇంకేం అనలేదు. నా వరకు నేనూ అదే అనేదాన్ని. కార్బన్ గొంతులో కాస్త జీర ఉంటుంది, నిజమే. కానీ ఏ ట్రాన్సిస్టరూ లేకుండా, ఎక్స్‌ఛేంజి బ్యాటరీ పంపే కరెంటుతోనే మనిషి మాటను లైనెక్కించిన గొంతు అది.

దొరికింది ఎర్రగడ్డ ఆదివారం సంతలో. ఇస్త్రీపెట్టెలు, సైకిలు బెల్లులు, రిమోట్ల గుట్ట కింద నా తోటిదే ఒకటి, నల్లది, బెంగళూరుది. పెంకు నాలుగు ముక్కలు. డయలుకు వేళ్ళపళ్ళెం లేదు. రిసీవరు మాత్రం చెక్కుచెదరలేదు. రిసీవరొక్కటీ ఇమ్మంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు. "ముక్కలు ముక్కలు అమ్మను సార్, తీస్కుంటే మొత్తం తీస్కపోండ్రి." ఆయన ఆ ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు.

దాని ట్రాన్స్‌మిటరు నా రిసీవరులో పెట్టి మూత బిగించారు. నా మాటలో సగం ఇప్పుడు దానిది. పెంకు ముక్కల్లో పనికిరాని ఒకదాన్ని ఆకురాయితో అరగదీసి, ఆ పొడిని ఎపాక్సీ జిగురులో కలిపి, నా చెవి అంచున ఊడిన పెచ్చులో నింపాడు. ఆయన చెప్పిన మందు ఇదే. రంగు వేరే కలపక్కర్లేదు, నలుపు నలుపులో కలిసిపోయింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప అతుకు కనబడదు.

దుకాణదారు కత్తిరించిన తీగకు బదులు కొత్త అల్లిక తీగ ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ పాత ఫోన్ల కోసం గుడ్డ అల్లిక తీగలు ఇప్పటికీ కొత్తగా చేసి అమ్మేవాళ్ళున్నారు. లెస్టరులో ఉన్న మేనల్లుడు సెలవులకొస్తూ తెచ్చాడు. ఇలాంటి తీగకు టంకం పట్టదు. నూలు దారం మీద వెంట్రుకంత రాగి రేకు చుట్టి చేస్తారు దాన్ని, లక్షసార్లు మెలిపడినా తెగకూడదని. వేడి తగిలితే లోపలి దారం మాడిపోతుంది. అందుకే కొనలకు నొక్కుడు బిళ్ళలే గతి.

ఇంట్లో ఇప్పుడు రాగి లైను లేదు. గోడకున్న ఫైబరు పెట్టెకు నా తెంపుల భాష తెలియదు. తెంపులను టోనులుగా మార్చే చిన్న పరికరాన్ని గోడ దగ్గరే, నాకు బయట పెట్టారు. నా లోపల ఏదీ కదల్చలేదు. ఆ పెట్టె ఇచ్చే గంట కరెంటు నీరసం. దానికి తగ్గట్టు ఆయన గంట గిన్నెల స్క్రూ వదులు చేసి, వాటిని వెంట్రుకవాసి తిప్పాడు. గిన్నెల చిల్లు సరిగ్గా నడిమధ్య ఉండదు, తిప్పిన కొద్దీ సుత్తికి దగ్గరవుతాయి. మనవరాలు తన మొబైలు నుంచి నా నంబరు కలిపింది. రెండు మోతలు, ఒక విరామం, మళ్ళీ రెండు మోతలు. వంటింట్లోంచి పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎత్తి, అలవాటుగా గట్టిగా "హలో, ఎవరండీ?" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ తన చెల్లెలికి నా మీదే డయలు చేస్తుంది. రాజమండ్రి కబుర్లన్నీ అయ్యేదాకా పెట్టదు.

సంతలో దొరికిన నా తోటిదాని గంట చుట్టలు బాగున్నాయి. ఆయన మీటరు పెట్టి చూసి, కాగితంలో చుట్టి, పేరు రాశాడు. విజయవాడలో ఒక లెక్చరరుగారి తాతగారి ఫోనుకు గంట మోగడం లేదట. వచ్చే ఆదివారం బస్సులో పంపుతున్నాడు. ఆ సంత ఫోను ఇండక్షన్ కాయిలు, డయలు స్ప్రింగు, ఒక కాలి రబ్బరు ఇంకా అల్మారాలో రేకు డబ్బాలో ఉన్నాయి, అడిగేవాళ్ళ కోసం.