గంటాపథం: ‘మూడు గంటలు ముందే’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “అందరూ కలిసే పోదాము. మూడు గంటలు ముందే ఉండాల. బేగులు నేను చూసుకుంటా.”

అవతారిక. రాజపాళయం నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి బయలుదేరబోతున్న మిత్రబృందంలో వయసు చేతా, గొంతు చేతా, అదివరకే ఒకసారి సముద్రం దాటి వచ్చిన ప్రతిష్ఠ చేతా పెద్దవాడైన ఒక అన్న, కోడి కూయకముందే వాట్సాప్‌లో ప్రసాదించిన వాక్యత్రయం ఇది. పెద్దల పేరు ఎత్తడం మర్యాద కాదు కనుక ఈ వ్యాఖ్యలో ఆయన్ని సూత్రకారుడని వ్యవహరిస్తాను. మూడు గంటలు ఎక్కడి నుంచి లెక్క, అందరూ అంటే ఎవరెవరు, చూసుకోవడమంటే ఏం చేస్తారు అని అడిగిన శిష్యులకు ఆయన సమాధానం ఒక్కటే: “పోతే తెలుస్తుంది తమ్ముడూ.” పోయాం. తెలిసింది. దాన్ని గ్రంథస్థం చేసే పని నాకు మిగిలింది.

వ్యాఖ్య పేరు గురించి ఒక మాట. మెతుకుసీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అనీ, మాఘకావ్యానికి రాసినదానికి సర్వంకష అనీ, భారవి కిరాతార్జునీయానికి రాసినదానికి ఘంటాపథం అనీ పేర్లు పెట్టాడు. మా ఊరి పక్కనే సంజీవి కొండ ఉంది కాబట్టి మొదటి పేరు మీద మాకు స్థానిక హక్కు ఉంది గానీ, ఈ వ్యాఖ్య ఎవరికీ ప్రాణం పోసేది కాదు. ఘంటాపథమంటే రాజమార్గం. నేను వత్తు తీసేసి గంటాపథమన్నాను, గంటల లెక్కన సాగిన దారి కనుక. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం పాటిస్తాను. రెండోది విమానాశ్రయంలో కూర్చున్నవాడు పట్టగలిగిన వ్రతం కాదు. అక్కర్లేనిది మాట్లాడకపోతే అక్కడ పొద్దు గడవదు.

శాస్త్రం మొదట్లో అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పడిగాపులు. ప్రయోజనం: సూత్రకారుడికి నిశ్చింత, తక్కినవాళ్లకు నడుంనొప్పి. సంబంధం: బయలుదేరేటప్పుడు స్నేహం, చేరేటప్పుడు పరిచయం. అధికారి: ఒక చేత్తో పాస్‌పోర్టు, ఇంకో చేత్తో పక్కవాడి పెట్టె పట్టుకుని, మూడో చేత్తో ఫోనులో టికెట్టు చూపించగలవాడు.

ఇక పదాలు. ‘పోదాము’, ‘ఉండాల’ సులభం.

‘మూడు గంటలు’. కాలం చెప్పినవాడు అవధి కూడా చెప్పాలి. పెద్ద ఊళ్లో ఉండేవాడు రాత్రి భోజనం చేసి, టాక్సీ ఎక్కి, దిగితే విమానాశ్రయం. అతడికి మూడు గంటలంటే మూడు గంటలే. రాజపాళయంవాడు ముందు మదురై చేరాలి, అదే సుమారు 85 కిలోమీటర్లు. శ్రీవిల్లిపుత్తూరు, కృష్ణన్‌కోయిల్, టి.కల్లుపట్టి, తిరుమంగళం వరసగా దాటాలి. మదురైలో చిన్న విమానమెక్కి పెద్ద ఊరు పోవాలి (ఏ పెద్ద ఊరో చెప్పను, దక్షిణాదిలో అలాంటివి రెండు మూడున్నాయి). అక్కడ పెద్ద విమానం. చిన్న విమానానికి అంత ముందు అక్కర్లేదన్నా అని మనవి చేస్తే, “సూత్రం ఒకటే, రెండు చోట్లా అదే” అన్నాడు. ఒక యాగానికి చెప్పిన అంగాలను ఇంకో యాగానికి లాక్కుపోవడాన్ని మీమాంసకులు అతిదేశమంటారు. పెద్ద విమానం ప్రకృతి, చిన్న విమానం వికృతి. దానిముందు పంక్చరైతే గియితే అని ఒక గంట. తిరుమంగళంలో కాఫీకి అరగంట. రెండు టికెట్లూ వేరువేరుగా కొన్నాం కనుక మొదటిది ఆలస్యమైతే రెండోదాని కంపెనీకి పట్టదని, సాయంత్రం విమానం ఉండగా మధ్యాహ్నానిదే తీయించాడు. ఫలితార్థం: పొద్దున ఇడ్లీ తిని ఇల్లు వదిలినవాళ్లం, అర్ధరాత్రి దాటాక నేల వదిలాం. నడుమ ఉన్నది మూడు గంటలని సూత్రం.

ఇక్కడ హాస్యం కాసేపు పక్కన పెడతాను. సూత్రకారుణ్ణి అంటున్నాను గానీ, ఆయన్ని భయపెట్టినవాళ్లు వేరే ఉన్నారు. మూడు గంటల ముందు రమ్మని టికెట్టు మీద అచ్చేసేవాళ్లు ఆ కౌంటరు తెరిచేదే ఇంచుమించు ఆ వేళకని చెప్పరు. గంట ముందు మూసేస్తామని మాత్రం గట్టిగా చెప్తారు. దూరాన్నుంచి వచ్చినవాడు తప్పనిసరిగా ముందే వస్తాడు, ఎందుకంటే తప్పిన విమానానికి రెండో టికెట్టు కొనే స్తోమత అతడికి ఉండదు. అలా వచ్చినవాడు కూర్చోవడానికి కుర్చీలు ఎక్కడున్నాయి? అన్నీ లోపల. లోపలికి పోవాలంటే బోర్డింగ్ పాసు కావాలి. పాసు కావాలంటే కౌంటరు తెరవాలి. కౌంటరు తెరవాలంటే వేళ కావాలి. తర్కంలో దీన్ని అనవస్థ అంటారు, మేం అవస్థ అన్నాం. డెబ్బై దాటిన మనిషి ట్రాలీ మీద కూర్చుని కునికిపాట్లు పడటం చూసి సిగ్గుపడాల్సినవాడు ఆ మనిషి కాడు.

‘ముందే’. ఇందులో ఏత్వం అవధారణార్థకం. ముందు వేరు, ముందే వేరు. మా ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న విల్లిపుత్తూరు చుట్టూ శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నడిపాడు. అందులో మాలదాసరి కథ ఉంది. ప్రయాణాల మీద రాయలు చేసిన హెచ్చరికగా దాన్ని ఎవరూ చదవరెందుకో. దాసరి రోజూ వేకువన కురుంగుడి స్వామికి పాట వినిపించి వచ్చే భక్తుడు. ఒకనాడు నడిరేయినే తెల్లవారిందనుకుని బయలుదేరాడు. మరులుతీగ తొక్కి దారి తప్పాడు. మర్రిచెట్టు కింద బ్రహ్మరాక్షసుడి చేత చిక్కాడు. చూశారా, ఆలస్యం చేసినవాడు కాదు చిక్కింది, ముందే బయలుదేరినవాడు! ఆ రాక్షసుడు కుంభజానుడి వెనకటి జన్మ ఇంకా విచిత్రం. అప్పుడతడు సోమశర్మ అనే బాపడు, బిడారుతో కలిసి ప్రయాణం చేస్తూ దొంగల బారిన పడి చచ్చి రాక్షసుడయ్యాడు. అంటే ముందే పోయినవాడు ఆహారమైతే, గుంపుతో పోయినవాడు రాక్షసుడయ్యాడన్నమాట. సూత్రంలోని రెండు వాక్యాలకూ రాయలు అయిదు వందల ఏళ్ల కిందటే ఖండన రాసిపెట్టాడు. కథ చివర దాసరి ఇచ్చిన మాటకు కట్టుబడి రాక్షసుడి దగ్గరికి తిరిగివస్తాడు, పాట ఫలం ధారపోస్తాడు, ఇద్దరూ తరిస్తారు. మేం కూడా మాటకు కట్టుబడే పోయాం. తరించిన జాడ లేదు.

‘బేగులు’ దగ్గరికి వద్దాం. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి 7 కిలోలు. అందులో ఏముందని అడక్కూడదు. పోయేది పిల్లల దగ్గరికి. ఆవకాయ, కందిపొడి, మురుకులు, శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు కనుక పాల్కోవాను పెట్టెలో వేయడం అపచారమని చేతిసంచిలోకి ఎక్కించారు.

2006 ఆగస్టులో ద్రవరూప పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర ఒకటి లండన్‌లో బయటపడింది. ఆ తరవాత, చేతిసంచిలో ఏ ద్రవమైనా సీసాకు 100 మిల్లీలీటర్లు మించరాదన్న కట్టడి లోకమంతా పాకింది. కట్టడిని తప్పుపట్టను. లక్షణం చెప్పకుండా లక్ష్యం మీద పడటాన్ని తప్పుపడతాను. ద్రవమంటే ఏమిటి? అన్నంభట్టు, ఆయనా ఆంధ్రుడే అంటారు, తర్కసంగ్రహంలో దీన్ని రెండు ముక్కల్లో తేల్చాడు. మొట్టమొదట కారడానికి కారణమైన గుణం ద్రవత్వం. అది రెండు రకాలు. నీళ్లకు పుట్టుకతోనే ఉన్నది సాంసిద్ధికం. నేతికి నిప్పు తగిలితే వచ్చేది నైమిత్తికం. మా చేతిసంచి తెరిపించిన తనిఖీ ఉద్యోగి నిలబడింది సరిగ్గా ఈ సరిహద్దు మీదనే, పాపం ఆయనకు ఆ సంగతి తెలియదు. సంచిలో ఉన్న నెయ్యి గడ్డకట్టి ఉండగా ద్రవమా, కాదా? నిమిత్తం లేదు కనుక కాదు. పైన విమానంలో చలి, నిమిత్తం రాబోదు కూడా. అయినా తీసేశారు.

పాల్కోవా ఇంకా చిక్కు. నెయ్యి నిప్పు తగిలి ద్రవమైతే, పాలు నిప్పు తగిలి ద్రవత్వం పోగొట్టుకుంటాయి. అన్నంభట్టు ఈ తిరగబడిన నైమిత్తికం గురించి రాయలేదు. తన గ్రంథానికి తానే దీపిక అనే వ్యాఖ్య రాసుకున్నాడు, అందులోనూ నాకు కనబడలేదు. విల్లిపుత్తూరు వైపు వచ్చి ఉంటే రాసేవాడు. పూర్వపక్షం: ఏ పాత్రలో పెడితే ఆ ఆకారం పొందేది ద్రవం, పాల్కోవా డబ్బా ఆకారం పొందింది, కనుక ద్రవం. సిద్ధాంతం: అలాగైతే కందిపొడి కూడా ద్రవమే, మాటకొస్తే విమానం సీటులో కుక్కిన ప్రయాణికుడూ ద్రవమే. నైయాయికులు బంగారాన్ని తేజస్సులో చేర్చి, దానికీ నైమిత్తిక ద్రవత్వం ఉందంటారు. కరుగుతుంది కదా! ఆ లెక్కన మాలో ఒకరి వేలికున్న ఉంగరాన్నీ కొలవాలి. వంద మిల్లీలీటర్ల బంగారం 1.93 కిలోలు తూగుతుంది. ఊరి పేరులో రాజు ఉన్నాడు గానీ మా వేళ్లకు అంత లేదు. తర్కంలో ప్రమాణాలు నాలుగు, అందులో అనుమానం ఒకటి. విమానాశ్రయంలో అదొక్కటే ప్రమాణం.

ఈ వాదమంతా నేను మనసులో నడుపుతుండగా ఆ ఉద్యోగి డబ్బా మూత తీసి, వాసన చూసి, “శ్రీవిల్లిపుత్తూరా?” అని అడిగి, మూతపెట్టి ఇచ్చేశాడు. అది ఉపమానమో శబ్దమో తేలలేదు. ఆవకాయకు ఆ గౌరవం దక్కలేదు.

సూత్రకారుడు ఏమయ్యాడని అడుగుతున్నారా? వరసలో ముందు నిలబడి, సామాను వాసన చూస్తున్న కుక్కను పట్టుకున్న జవానుకు రాజపాళయం జాతి కుక్కల గొప్పతనం చెప్తున్నాడు. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, 2005లో తపాలా బిళ్ల కూడా వేశారు అని. జవాను వింటున్నాడు, కుక్కా వింటోంది, వెనక యాభైమంది కూడా వింటున్నారు. అంతకు ముందు కౌంటరులో అమ్మాయికి, మా ఊరు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిని ఇచ్చిందని చెప్పాడు. పి.ఎస్. కుమారస్వామి రాజా గారు మా ఊరివారే, ఆ మాట అక్షరాలా నిజం. ఆ అమ్మాయి అంతా విని, “మీ పెట్టె రెండు కిలోలు ఎక్కువుంది సార్” అంది. ఆయన పెట్టె కాదు. నాది.

‘నేను చూసుకుంటా’. ముందురోజు రాత్రి అందరి పెట్టెలూ తన వరండాలో పెట్టించి, కొక్కెం కాటాకు తగిలించి, బరువులు సర్దింది సూత్రకారుడే. ఆయన కాఫీపొడి నా పెట్టెలోకీ, ఆయన కోడలి పట్టుచీరలు ఇంకొకరి పెట్టెలోకీ వలసపోయిన సంగతి కౌంటరు ముందు, నేలమీద, పదిమంది చూస్తుండగా పెట్టె తెరిచినప్పుడు బయటపడింది. సామానులో ఎండుకొబ్బరి కూడదని నియమం, నూనె ఎక్కువ కనుక అంటుకుంటుందట. అది కూడా నా పెట్టెలోనే దొరికింది. నేను మోకాళ్ల మీద కూర్చుని సర్దుతుంటే ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. ధాతువుకు అంతకు మించిన అర్థం మేం ఆశించి ఉండకూడదు.

‘అందరూ కలిసే’. లోపల కుర్చీలు దొరికాయి. దొరికిన కాసేపటికే సూత్రకారుడు కనబడలేదు. ఒకరు మందుల దుకాణం దాకా వెతికారు. ఇంకొకరు ఫోను చేశారు, ఎత్తలేదు. గంటన్నర తరవాత పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. ఆయన క్రెడిట్ కార్డుకు లాంజి ఉందట, ఒకరికే ఉచితమట. “ఇడ్లీ ఫరవాలేదు, సాంబారే తీపి” అని తీర్పు చెప్పి, మమ్మల్ని వేలుపెట్టి లెక్కపెట్టి, “ఎవరూ అటూ ఇటూ పోకండి తమ్ముడూ, అందరూ కలిసే ఉండాల” అన్నాడు. వక్త సర్వనామంలో చేరడని ఇక్కడ జ్ఞాపకం.

చివరగా పాఠాంతరం. మా గుంపులో తెలుగును తమిళ లిపిలో రాస్తాం, బడిలో నేర్చింది అదే కనుక. ఆ లిపిలో పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం. కాబట్టి మూలంలో ఉన్న మాటను ‘బేగులు’ అనీ చదవొచ్చు, ‘పేగులు’ అనీ చదవొచ్చు. సందర్భాన్ని బట్టి మొదటి పాఠమే గ్రహించి ఇంతవరకూ వ్యాఖ్యానించాను. విమానం ఎక్కడానికి పిలిచినప్పుడు ఆయనది రెండో జట్టు, మాది అయిదోది. మేం చేరేసరికి నా సీటు పైనున్న అర నిండా ఆయన సంచులే ఉన్నాయి, ఆయన సీటు మాత్రం ఎక్కడో ముందు వరసలో ఉంది. నా సంచి కాళ్ల కింద పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, పొట్ట మడతపెట్టి, యూరప్ దాకా కూర్చున్నాను. రెండో పాఠమే సాధువు.