కంప్లీషన్ సర్టిఫికెట్

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను లెక్కలేనన్ని ఇళ్లు కట్టించాను. స్కూళ్లు, హాస్టళ్లు, ఒకటి రెండు గెస్ట్‌హౌసులు. కట్టింది కాంట్రాక్టర్లు, మోసింది కూలీలు, నేను సంతకం పెట్టాను. గోడ వంకరగా కనిపిస్తే కళ్లజోడు పైకి తోసి "ఏమిటయ్యా ఇది?" అనడం నా ఉద్యోగం. "సర్దేస్తాం సార్" అనడం వాళ్ల ఉద్యోగం. ఊళ్లోవాళ్లు వచ్చి ప్రహరీ ఏది, పంపు ఏది అని అడిగితే "అది రెండో ఫేజ్‌లో వస్తుంది" అనడం ఇద్దరి ఉద్యోగమూను.

అలాంటివాణ్ని రిటైరైన ఏడాదికి, దసరా వెళ్లిన వారానికి, మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక అట్టపెట్టె పంపాడు. లోపల ఇల్లుంది, ముక్కలుగా. "ఊరికే కూర్చుంటే మీకు తోచదు నాన్నా. సంక్రాంతికి మేమొచ్చేసరికి చిన్నదానికి బొమ్మరిల్లు కట్టేయండి" అన్నాడు ఫోన్లో. పెట్టె మీద 'పద్నాలుగేళ్లు పైబడినవారికి' అని రాసుంది. నాకు అరవై మూడు. ధైర్యంగానే విప్పాను.

పలుచటి చెక్క పలకలు, వాటి మీద లేజరుతో కోసిన ముక్కలు. అంచులన్నీ గోధుమరంగులో కమిలిపోయి, విప్పగానే భోగిమంట వాసన. గుడ్డపీలికలు, పూసలు, సోఫాకి స్పాంజి, అగ్గిపుల్లల్లాంటి కర్రలు. దాంతోపాటు ఒక పుస్తకం. అందులో అక్షరమన్నది లేదు, అన్నీ బాణాలే. "డ్రాయింగు చదవడం రాదుటయ్యా?" అని నేను ఎంతమంది మేస్త్రీలని కసిరానో, వాళ్లందరూ ఆ రాత్రి వరసగా గుర్తొచ్చారు.

స్కేలు 1:24. ఆరడుగుల మనిషి ఇందులో మూడంగుళాలు. మిల్లీమీటరు తేడా వచ్చిందంటే అసలింట్లో అంగుళం తేడా వచ్చినట్టే. ఈ లెక్క నేను వెనకగోడ అతికించాక కట్టాను. రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయింది. మా కాంట్రాక్టర్లలో ఎవడూ రెండంగుళాలు తప్పించలేదు పాపం.

పని మొదలెట్టాక తెలిసింది, నా మొదటి శత్రువు ఫ్యానని. అది తిరిగితే కిటికీ తెరలు, గోడకాగితం, ఓసారి డైనింగ్ టేబులు కూడా మంచం కిందకి వెళ్లిపోయాయి. ఫ్యాన్ ఆపితే బెజవాడ ఉక్క. చెమటచుక్క తిన్నగా గోడకాగితం మీద పడి ఇంకా ఎవరూ కాపురం పెట్టని ఇంట్లో చెమ్మ దిగింది.

కుర్చీ సంగతి చెప్పాలి. బొటనవేలి గోరంత సీటు, నాలుగు కాళ్లు, వీపుకి మూడు పుల్లలు. గంటన్నర కష్టపడి నిలబెడితే మూడుకాళ్ల మీద నిలబడింది. నాలుగోది పొట్టి. సరే, మిగతావి కాస్త తగ్గిద్దామని ఉప్పుకాగితంతో రుద్దాను. ఈసారి రెండోది పొట్టిదైంది. మళ్లీ రుద్దాను. రొట్టె పంచిన కోతి కథలా రాత్రి పదింటికి నాలుగు కాళ్లూ సమానమయ్యాయిగానీ కుర్చీ పీటైంది. మా ఆవిడ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ చూసి, "పోన్లెండి, వాళ్లకీ పూజగది ఉంటుందిగా" అంది.

తెల్లజిగురుకి మనం ఓపిక పట్టాలి. సూపర్ గ్లూకి అసలు ఓపికే లేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాను. అంతే, బొటనవేలూ చూపుడువేలూ కలిసిపోయాయి. ఆ చేత్తో హాల్లోకి వస్తే మా ఆవిడ చూసి, "చిన్ముద్ర పట్టారేం, రిటైర్మెంటు ఇప్పటికి తలకెక్కిందా?" అంది. పక్కింటమ్మాయి దగ్గర గోళ్లరంగు చెరిపే మందు తెచ్చి విడిపించేదాకా నేను జ్ఞానిగానే ఉన్నాను.

తరవాత కరెంటు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్కడ లైటు వెలక్కపోయినా "అది ఎలక్ట్రికల్ వాళ్లది" అని తప్పుకునేవాణ్ని. ఇక్కడ ఆ వాళ్లూ నేనే. వెంట్రుకంత తీగలు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు మెలిపెట్టి, బిళ్ల బ్యాటరీ వేశాను. చీకటి. విప్పాను, కలిపాను, తిట్టాను. మూడు రోజులు చీకటే. నాలుగో రోజు పక్కింటి కుర్రాడు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, బ్యాటరీ తీసి, తిరగేసి పెట్టి వెళ్లిపోయాడు. ఎల్‌ఈడీలోంచి కరెంటు ఒకవైపే పోతుందిట. ఇల్లంతా వెలిగింది. వాడికి పదమూడేళ్లు. పెట్టె మీద రాసిన ప్రకారం వాడు అనర్హుడు.

దిగులు పుట్టినప్పుడల్లా లుటియెన్స్‌ని తలుచుకునేవాణ్ని. మన రాష్ట్రపతి భవన్ గీసినాయనే, అది ఒకవైపు లేస్తుండగానే ఇంగ్లండు రాణి మేరీకి ఒక బొమ్మరిల్లు గీశాడు. 1921 నుంచి 1924 దాకా కట్టారు. ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. కుళాయి తిప్పితే నీళ్లు, లాగితే ఫ్లష్షు, లిఫ్టులు నిజంగా కదులుతాయి. (మా అపార్ట్‌మెంటు లిఫ్టు గురించి ఇక్కడ మాట్లాడను.) కోనన్ డాయల్ అంతటివాడు ఆ లైబ్రరీ కోసం బుల్లి కథ రాసిచ్చాడు. పనివాళ్లూ కళాకారులూ కలిసి దాదాపు పదిహేను వందల మంది. దాని స్కేలు 1:12, నాది 1:24. ఘనపరిమాణం లెక్కన ఎనిమిదో వంతు. అంటే నాకు నూట ఎనభై ఏడున్నర మంది రావాలి. ఆ అర మనిషిని నేనొక్కణ్నే ఉన్నాను.

కప్పు పెట్టేసరికి మొదట్లో తప్పిన ఆ రెండు మిల్లీమీటర్లు పైకి తేలాయి. గోడకీ కప్పుకీ మధ్య సందు. "సర్దేస్తాం సార్" అని ఎవరికి చెప్పను? మా ఆవిడే అడ్డం పడింది. "ఆ రుద్దిన పొడి ఊడ్చేయకండి" అని, కొలువు బొమ్మల పెట్టెలోంచి పరశురాముణ్ని తీసి చూపించింది. కొండపల్లివాళ్లు పొణికి చెక్కలో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ చెయ్యి మా పెళ్లయిన ఏడు నుంచీ గొడ్డలి దించలేదు. చింతగింజలకి ఎక్కడికి పోను? ఉప్పుకాగితం కింద రాలిన పొడిలో తెల్లజిగురు పోసి, ముద్దచేసి, పుల్లతో సందంతా పూడ్చాను. ఆరాక రంగు వేస్తే అతుకు నాకే దొరకలేదు. ఆ కొండపల్లి మాకు పాతిక కిలోమీటర్లు లేదు. నేనేమో యూట్యూబులో కొరియావాడి దగ్గర నేర్చుకుంటున్నాను.

ఎదురింటి పెద్దాయన వచ్చి నిలబడి చూసి, "దక్షిణ ద్వారమా?" అన్నాడు. ఇల్లెత్తి తూర్పుకి తిప్పాను. వాస్తుదోషం ఇంత చవగ్గా ఎవరికీ పోయుండదు. స్విచ్చి మాత్రం గోడవైపుకి వెళ్లిపోయింది.

భోగినాటి సాయంత్రం అయిదుమెట్ల కొలువులో మూడో మెట్టు మీద పెట్టాం. పక్కనున్న అంబారీ ఏనుగు ఇంటికంటే ఎత్తు. మా మనవరాలికి ఆరేళ్లు. రాగానే తన లక్కపిడతలు తెచ్చి లోపల సర్దింది. ఒక్క అన్నంగిన్నె వంటిల్లంతా ఆక్రమించింది. కాసేపు కిటికీకి కన్ను ఆనించి, చప్పుడు లేకుండా, నేను ఒకప్పుడు చేసిన దానికంటే శ్రద్ధగా ఇన్‌స్పెక్షను చేసింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తాతయ్యా, ఇందులో బాత్రూమేదీ?"

పుస్తకం తెరిచాను. ఇరవై ఆరు పేజీల బాణాలు వెతికాను. లేదు. కిట్టులోనే లేదు.

"అది రెండో ఫేజ్‌లో వస్తుందమ్మా."

"ఎప్పుడు?"

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: "ఊరికే నమ్మకే తల్లీ, కాగితం మీద రాసి సంతకం పెట్టమను!"