పండు గారి నంబరు

మా వీధిలో నన్ను పేరుతో గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ‘పండు వాళ్ల నాన్న’ అంటే మాత్రం ఇస్త్రీ బండి అతను కూడా మా గేటు దాకా వచ్చి చూపిస్తాడు. పండు మా కుక్క. ఏ జాతి అని ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఉపన్యాసం మొదలుపెడుతుంది. మా అమ్మ ‘ఊరకుక్క’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పలుకుబడి విషయంలో వాడు మా కార్పొరేటరు కంటే ఒక మెట్టు పైనే. అలాంటివాడికి గుర్తింపు సంఖ్య కావాల్సి వచ్చింది. డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న మా అమ్మాయి, పండును తన దగ్గరికి తీసుకుపోతానని పట్టుబట్టింది.

మనిషికి వీసా రావడం కష్టమనుకునేవాణ్ని. కుక్క కాగితాలు చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ ఆరు నెలలు నిండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి మనవాటికి తతంగం ఇంకా ఎక్కువ. ఇందులో అసలు కిటుకు వరస. ముందు చిప్పు, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్పు లేనప్పుడు వేయించిన టీకా వాళ్ల లెక్కలో వేయించనట్టే. ఏటేటా పండును ఆటోలోకి ఎక్కించి, దారంతా వాడికీ ఆటో అతనికీ సర్దిచెప్పుకుంటూ తీసుకెళ్లి వేయించిన టీకాలన్నీ, డాక్టరు సంతకాలతో స్టాంపులతో సహా గంగలో కలిశాయి. ఆ టీకా ఈ కుక్కకే వేశారని రుజువేమిటని వాళ్ల ప్రశ్న. ‘మాకు తెలుసు కదండీ’ అనే జవాబు మన పెళ్లిసంబంధాల దగ్గర చెల్లుతుందేమో గానీ ఇమిగ్రేషన్ దగ్గర చెల్లదు.

చిప్పు మాట బయటికి రాగానే ఇంట్లో సభ తీరింది. మా బావమరిది ప్రతిదీ తెలిసినవాడు. ‘శాటిలైట్‌కి కలుపుతారు బావా, పండు ఏ సందులో ఉన్నాడో ఫోన్లో చుక్క కనిపిస్తుంది’ అన్నాడు. మా ఆవిడ వెంటనే, ‘అయితే వాడికి చార్జింగెలా పెట్టాలి?’ అంది. నిజం చెప్పాలంటే ఆ సభలో తెలివైన ప్రశ్న అదొక్కటే.

డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. దానికి బ్యాటరీ లేదు, చార్జింగ్ అక్కర్లేదు, శాటిలైట్‌తో చుట్టరికం అసలే లేదు. 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న గాజు గొట్టం. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. స్కానరు దగ్గరికి తెచ్చినప్పుడు ఆ తరంగాల శక్తితోనే ఒక్క క్షణం మేలుకొని, తనలో ఉన్న 15 అంకెలు అప్పజెప్పి మళ్లీ పడుకుంటుంది. మా పేరు, మా ఫోను నంబరు దాని లోపల ఉండవు. అవన్నీ వేరే రిజిస్ట్రీలో ఉంటాయి.

సూది మాత్రం టీకా సూది కంటే లావు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ముందుగా స్కానరుతో ఒళ్లంతా తడిమి, ఇదివరకే చిప్పు లేదని చూసుకున్నారు. రెండు భుజాల మధ్య వదులుగా ఉన్న చర్మాన్ని డాక్టరమ్మ వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. మా ఆవిడ ‘నో పండూ, సిట్ పండూ, గుడ్ బాయ్’ అంటూ ఇంగ్లీషు ఎత్తుకుంది. ఇంట్లో మనవడితో కూడా మాట్లాడని భాష అది. పండు ఆవిడ చేతిలో ఉన్న బిస్కెట్ వైపే చూస్తుండగా పని అయిపోయింది. మళ్లీ స్కానరు పెట్టారు. ‘బీప్’. చిన్న తెర మీద అంకెలు వరసగా నిలబడ్డాయి.

పదిహేను అంకెలు! మన ఆధార్‌కి పన్నెండే. పల్లెల్లో గేదె చెవికి వేలాడే పసుపు బిళ్ల మీదా పన్నెండే. మా అమ్మ వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు మిషన్ మీద పడటం మానేశాయి. నెలనెలా డీలరు ఆవిడ వేళ్లు తుడిపించి, నొక్కించి, చివరికి ‘మళ్లీ రామ్మా’ అంటాడు. పండు నంబరు ఒక్క బీప్‌తో వచ్చేసిందని విని, ‘ఒరేయ్, నాకూ అదొకటి వేయించరాదట్రా’ అంది. డాక్టరమ్మని అడుగుతానని మాటిచ్చాను.

ఇంగ్లండులో కుక్కలకి 2016 నుంచే చిప్పు తప్పనిసరి. 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లులకూ పెట్టారు. చేయించనివాళ్లకి 500 పౌండ్ల దాకా జరిమానా. ఆ చట్టం మా వీధికొస్తే చిక్కే. మా గోడ మీద తిరిగే పిల్లి పొద్దున్న ఎదురింట్లో పాలు తాగి, మధ్యాహ్నం మా వంటింట్లో పెరుగు గిన్నె ఖాళీ చేసి, రాత్రి పక్కింటివాళ్ల సోఫాలో పడుకుంటుంది. ఫోను నంబరు ఎవరిది రాయాలి?

ఎగతాళి చేస్తున్నాను గానీ, చిప్పు వల్ల ఒరిగేదేమీ లేదని అనను. దీపావళి మర్నాడు మా కాలనీ స్తంభాలు చూడాలి. లక్ష్మీబాంబుకి బెదిరి గేటు దూకి పారిపోయిన కుక్కల ఫోటోలే. గోధుమ రంగు ఒళ్లు, తెల్లటి ఛాతీ, ఆచూకీ తెలిపినవారికి బహుమతి. ఆ గుర్తులతో వెతికితే హైదరాబాదు కుక్కల్లో సగం పట్టుబడతాయి, పండుతో సహా. ఇస్త్రీ బండి అతని సాక్ష్యం మెయిన్ రోడ్డు దాటితే చెల్లదు. అక్కడ వాడు పండు కాదు, ఓ గోధుమరంగు కుక్క. ఆ పదిహేను అంకెలే వాణ్ని తిరిగి పండును చేయాలి. అయితే దొరికినవాళ్లు స్కానరున్న ఆస్పత్రిదాకా తీసుకెళ్లాలి కదా! అందుకే డాక్టరమ్మ, ‘చిప్పుందని బెల్టు తీసేయకండి సార్, దాని మీద ఫోన్ నంబరు కనబడేలా రాయించండి’ అంది.

తంటా అంతా ఆ నంబరుతోనే వచ్చింది. రిజిస్ట్రీలో నా నంబరిచ్చాను. కానీ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తే అలవాటు ఈ దేశంలో ఎవరికుంది? ఎత్తితే క్రెడిట్ కార్డు, లేకపోతే శంషాబాద్ దగ్గర ప్లాటు. రేపు పండు తప్పిపోయి, ఏ పుణ్యాత్ముడో స్కాన్ చేయించి ఫోన్ చేస్తే, నేను స్పామ్ అని కట్ చేస్తే? మా ఆవిడ తీర్పు చెప్పేసింది: పండు విమానం ఎక్కేదాకా వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తాల్సిందే.

ఎత్తుతున్నాను. పండు మాత్రం సోఫా కింద కాళ్లు చాపుకొని గురకపెడుతుంటాడు. నిన్న మధ్యాహ్నం భోజనం మధ్యలో మోగింది. ఎడమ చేత్తో అందుకుని, ఎవరో ఏమిటో వినకుండానే, ‘హలో, పండు దొరికాడా అండీ?’ అన్నాను. అవతల ఓ అమ్మాయి, క్షణం ఆగి, ఎంతో మర్యాదగా అడిగింది.

‘పండు గారు మీకేమవుతారు సార్? సంపాదన ఉంటే లోనుకి కో-అప్లికెంట్‌గా పెట్టుకోవచ్చు.’