అంబాసిడర్ చక్రపాఠ నిర్ణయం: సటీకా తాత్పర్యం

అవతారిక: వ్యాఖ్యాత ఇంట్లో నాన్నగారి కాలపు తెల్ల అంబాసిడర్ ఒకటుంది. దాన్ని మజిల్ కారు అంటే పాఠకులు నవ్వరాదు. అమెరికా వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నది 1964 నాటి పాంటియాక్ జీటీఓ వంటి వాటికి. దాని ఇంజను 6.4 లీటర్లు. మన దేశంలో ఆ కండల ఆకారంతో 1984లో దిగింది కాంటెస్సా. పైకి భీమసేనుడే గాని, తొలినాళ్ళలో దాని లోపల కొట్టుకున్న గుండె అంబాసిడర్‌దే, 1.5 లీటర్లది. భీముడి ఒళ్ళు, ఉత్తరకుమారుడి ఊపిరి. గుండెను బట్టే కులం అనుకుంటే మా బండీ ఆ వంశంలోదే. నాలుగు టైర్లూ నున్నగా అరిగి, పొరలు బయటపడ్డాయి గనుక వ్యాఖ్యానం అవసరమైంది.

మూలం (టైరు పక్కగోడ మీద ఉబ్బెత్తు అక్షరాల శాసనం):

5.90–15 6 పీఆర్

ప్రతిపదార్థం: 5.90 = టైరు వెడల్పు, అంగుళాల్లో; – = ఈ గీతే, దారాలు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి పోయే పాతకాలపు అల్లికకు గుర్తు; 15 = రిమ్ము వ్యాసం, ఇదీ అంగుళాల్లోనే; 6 పీఆర్ = ఆరు ప్లై రేటింగు గలది.

టీక: ఆరు అంటే ఆరు పొరలని పామరులు భ్రమిస్తారు. నూలు దారం రోజుల్లో అది నిజమే. నైలాను వచ్చాక తక్కువ పొరలతోనే అంత బలం వస్తోంది; అంకె మాత్రం పాతదే నిలిచింది. వాచ్యార్థం పొసగదు కాబట్టి ఇక్కడ లక్షణ. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని చెప్పుకున్నట్టే, ఆరు పొరలంటే ఆరు పొరలంత గట్టిదని చెప్పుకోవాలి.

ఇక పాఠాంతరాలు. ఇవి మూడు.

మదనపల్లె పాఠం: ఉన్నది ఉన్నట్టు, 5.90–15. జనగణమనను 1919లో రవీంద్రుడు ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది ఈ ఊళ్ళోనే. తర్జుమాలొద్దు, మూలమే ప్రమాణం అనే టైరు కొట్టు పెద్దాయన ఉన్నదీ ఈ ఊళ్ళోనే. అటక మీంచి జత దించి, ‘గీత గూడా పడలే సామీ, కొత్తవే’ అన్నాడు. పక్కగోడ తుడిచి చూస్తే చివరి నాలుగంకెలు 2309. మొదటి రెండూ వారం, తక్కిన రెండూ సంవత్సరం. అంటే 2009లో ఇరవైమూడో వారం. రోడ్డెక్కకపోయినా రబ్బరుకు వయసు ఆగదు. వేళ్ళతో వంచితే పక్కగోడ మీద సన్నటి నెర్రెలు. పాఠం శుద్ధమే, ప్రతి శిథిలం.

పుంగనూరు పాఠం:

185/65 ఆర్ 15 88 హెచ్

దీని మీద కొంచెం నిలవాలి. 185 మిల్లీమీటర్లు; 65 శాతం, అంటే టైరు గోడ ఎత్తు వెడల్పులో అంత భాగం; 15 అంగుళాలు. ఒక్క పాదంలో మూడు కొలమానాలు. ఇంతటి మణిప్రవాళం తమిళ దేశంలోనూ దొరకదు. ఆర్ అంటే రేడియల్: దారాలు అంచు నుంచి అంచుకు తిన్నగా పోతాయి. 88 బరువు సంకేతం, టైరుకు 560 కిలోలు. ఊరి కొలతలో చెప్పాలంటే ఒక్కో టైరు మీద హీనపక్షం రెండు పుంగనూరు ఆవులు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు. ఎస్ 180, టీ 190, యూ 200, ఆ తర్వాత హెచ్, దాని తర్వాత వీ. హెచ్ అక్కడికెందుకు దూరింది? వర్ణక్రమంలో ఇది స్పష్టమైన దోషం. అయినా మా బండిని హార్స్‌లీ కొండ మీంచి దొర్లించినా ఆ వేగం రాదు కనుక క్షమించవచ్చు.

శంక: ‘లావుగా ఉంటాది అన్నా, లుక్కొస్తాది. రిమ్ము పదిహేనే గదా, ఇదీ పదిహేనే గదా!’ అని కొట్టు కుర్రాడు.

సమాధానం: ఉపాంత్యంలో అక్షరాలు కలిసినంత మాత్రాన పద్యం కుదరదు, గణాలు లెక్కపెట్టాలి. పాత టైరు మొత్తం ఎత్తు దాదాపు 26 అంగుళాలు, అంటే 660 మిల్లీమీటర్లు. దీనిదో? 185లో 65 శాతం 120, పైనా కిందా రెండుసార్లు 240, రిమ్ము 381, వెరసి 621. నాలుగు సెంటీమీటర్లు పొట్టి. పాతది కిలోమీటరుకు సుమారు 482 చుట్లు తిరిగితే ఇది 512 తిరుగుతుంది. మీటరుకు చుట్లే తెలుసు, దూరం తెలియదు. బండి వంద కిలోమీటర్లు పోతే 106 చూపిస్తుంది. లీటరుకు మైలేజీ పెరిగిందని యజమాని సంబరపడి టీ ఇప్పిస్తాడు. ఇది భ్రాంతిమదలంకారం. పైగా ఈ టైరుకు కనీసం 5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. మా రిమ్ము అంతకన్నా సన్నం. పెద్ద కాలికి చిన్న చెప్పు. పవర్ స్టీరింగు లేని బండికి లావు టైర్లు వేస్తే సంత సందులో తిప్పేటప్పుడు భుజాలు చెబుతాయి తక్కిన వ్యాఖ్యానం.

కుప్పం పాఠం: మూడు భాషలు కలిసే ఊరు కదా, అక్కడి మేస్త్రీ మాటకు ముందు బీడీ పెట్టె మీద రాసిచ్చాడు: 165 ఆర్ 15.

టీక: ఇందులో శాతం ఏది? లేదు. అధ్యాహారం చేసుకోవాలి. పాత రేడియళ్ళ మీద నిష్పత్తి చెప్పకపోతే 80 నుంచి 82 అని సంప్రదాయం. 82 వేస్తే మొత్తం ఎత్తు 651. మూలానికి తొమ్మిది మిల్లీమీటర్లే తక్కువ. మీటరు అబద్ధం నూటికి ఒకటిన్నర లోపు. అంత అబద్ధం పంచాంగంలోనూ ఉంటుంది. వెడల్పు ఆరున్నర అంగుళాలు, సన్న రిమ్ముకు సరిపోతుంది. ‘ట్యూబులు గూడా రేడియల్‌వే వెయ్యాల సార్, పాతవి దూరిస్తే రాపిడికి పోతాయి. సరుకు బెంగళూరు నుంచి రావాల’ అన్నాడు.

సిద్ధాంతం: మూలంలో రక్షించవలసింది అంకె కాదు, చుట్టుకొలత. కాబట్టి కుప్పం పాఠమే గ్రాహ్యం. మదనపల్లె పెద్దాయన దీన్ని ఒప్పుకోలేదు. ‘రేడియల్‌తో ఆ బండి నడక మారిపోతాది’ అన్నాడు. అదీ నిజమే. మెత్తబడింది. నాన్నగారు నడిపినప్పుడు వినబడే గురగుర ఇప్పుడు లేదు.

తాత్పర్యం: నాలుగు టైర్లూ వచ్చాయి, ఎక్కాయి. ఐదోదానికి డబ్బు చాలలేదు.

పరిశిష్టం: స్టెప్నీ. ఈ మాట వేల్స్‌లోని లనెల్లి ఊరి స్టెప్నీ వీధిది. 1904లో అక్కడి అన్నదమ్ములు అదనపు చక్రం అమ్మడం మొదలుపెట్టారు, వీధి పేరు వస్తువుకు అంటుకుంది. మా డిక్కీలోది ఇంకా 5.90 గీత 15. ఒకే ఇరుసు మీద గీతనూ ఆర్‌నూ కలపరాదని శాస్త్రం. కలపక తప్పకపోతే వెనక జత ఆర్ కావాలి. అలాంటప్పుడు వెనక టైరు పంచరైతే ముందుదాన్ని విప్పి వెనక్కి వేసి, స్టెప్నీని ముందుకు తగిలించి, పంచరు కొట్టు దాకా ముప్పైలో పోవాలి. ఇక్కడిదాకా రాసి కుప్పం బయల్దేరాను. వి.కోట దాటగానే వెనక ఎడమ చక్రానికి మేకు దిగింది.