ముద్దాయి వాన

డెంగీ కేసులు పెరిగాయంటే ముద్దాయి సిద్ధంగా ఉంటుంది: వాన. పడితే పడిందని, పడకపోతే ముఖం చాటేసిందని నేరం మోపుతాం. పాపం, దానికి వకీలు లేడు. మెమో ఇస్తే జవాబివ్వదు, సస్పెండ్ చేస్తే ధర్నాకు దిగదు. శాఖలన్నిటికీ ఇంతకన్నా అనువైన నిందితుడు దొరుకుతాడా?

ఆరోపణలో సరుకు లేకపోలేదు. 25, 30 డిగ్రీల మధ్య గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. దోమ కడుపులో చేరిన వైరస్ దాని లాలాజలందాకా రావడానికీ ఇంచుమించు అంతే. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మరీ మండిపోతే మాత్రం దోమ ఆయుష్షే తగ్గుతుంది. కుండపోత కురిస్తే లార్వా కొట్టుకుపోతుంది. ఓ జల్లు పడి, నాలుగు రోజులు ఎండ కాసి, మళ్లీ ఓ జల్లు పడిందా, ఇక పండగే.

మరి చినుకే పడని వీధిలో డెంగీ ఎలా వచ్చింది? అక్కడ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ మొక్కుకుంటే. ఇంటింటా డ్రమ్ములు. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు అంతగా గిట్టదు, శుభ్రమైన నిల్వ నీళ్లంటేనే ఇష్టం. డ్రమ్ము గోడకు, నీటి అంచున గుడ్లు అంటించి పోతుంది. ఎండినా నెలల తరబడి అవి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. వానాకాలం కోసం ఎదురుచూసే అవసరం దానికి లేకుండా చేసింది మన నీటి సరఫరాయే.

దీనికి విరుగుడుగా సాయంత్రం పొగ బండి వస్తుంది. ముందు నాయకుడి ఫొటో, వెనక పిల్లల పరుగు. పొగకు చచ్చేవి ఎగిరే దోమలే. డ్రమ్ములో మెలికలు తిరిగే లార్వాకు దగ్గు కూడా రాదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా గుట్టు పట్టుకున్నాడు. మనం ఏటా అదే తేదీన దోమల దినం పేరిట బ్యానర్ పట్టుకుంటున్నాం.

ఈమధ్య ఇళ్లలో నీళ్లు నిల్వ ఉంటే జరిమానా అంటున్నారు. సంతోషం. ఓసారి పోలీస్ స్టేషన్ల వెనక్కీ వెళ్లండి. పట్టుకున్న లారీలు, ఆటోలు, వాటి టైర్ల నిండా నీళ్లు. కేసు తేలేదాకా ముట్టుకోకూడదట. వాయిదాకూ వాయిదాకూ మధ్య దోమ మనవల్ని ఎత్తుకుంటోంది.