పైన తడి, కింద దుమ్ము

మా ఆత్మకూరులో ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టినవాళ్ళందరికీ ఒకటే మోజు. గేటు తీయగానే పచ్చగా లాన్ కనబడాలి. కనబడనీ, నాకేం అభ్యంతరం లేదు. పచ్చదనం ఎవరికి చేదు? నా బాధంతా దాన్ని వేసే కాలం గురించీ, వేశాక నీళ్ళు పెట్టే తీరు గురించీ. గృహప్రవేశం వైశాఖంలో పెట్టుకుంటారు, గడ్డీ వైశాఖంలోనే పరిపిస్తారు. ఉదయగిరి కొండ కిందా, ఇక్కడా ఆ నెలలో ఎండ ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఎండలో కడియం నర్సరీల నుంచి లారీలో గడ్డి పలకలు దిగుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి, టార్పాలిన్ కప్పి, రాత్రంతా ప్రయాణం. నడిమి పలకల్లోకి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అంచులు అప్పటికే పసుపెక్కి ఉంటాయి. కోసిన పచ్చగడ్డి కుప్పలో ఉడుకుతుంది. కోసిన రోజో, మర్నాడో నేలకు చేరకపోతే అది సగం పోయినట్టే. అయినా దించుకున్నవాళ్ళు దాన్ని ప్రహరీ పక్కన పడేసి, ముందు టైల్స్ పని చూసుకుంటారు. ఇంత నిర్లక్ష్యం చూస్తే నాకు కడుపు మండుతుంది.

మా రోజుల్లో గడ్డి పరిచే పనే లేదనుకుంటారు ఈ కాలం పిల్లలు. ఎందుకు లేదు? ఇళ్ళ ముందు కాదు, చెరువు కట్టల మీద ఉండేది. వానకు కట్ట కోసుకుపోకుండా వాలు మీద గరిక అంటించేవాళ్ళు. చెరువు అంచున గొర్రెలు కొరికి కొరికి పొట్టిగా, దట్టంగా అల్లుకున్న గరిక చూసి పారతో జానెడు పలకలు కోసేవాళ్ళు. వేళ్ళతో పాటు రెండు మూడు వేళ్ళ మందం మట్టి రావాలి. ఆ పలకల్ని గంపలకెత్తి పొద్దు వాలకముందే కట్టకు చేర్చాలి. అక్కడ నేలను ముందే గీరి, తడిపి ఉంచేవాళ్ళు. గోడకు ఇటుకలు పేర్చినట్టు, ఒక వరస అతుకు మీద రెండో వరస అతుకు రాకుండా పరిచేవాళ్ళు. సందు కనబడితే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. ఆ సందులోంచే ఎండ దూరి అంచు ఎండిపోతుంది మరి. తర్వాత దిమ్మిసతో మెల్లగా కొట్టి పలకను నేలకు కరిపించాలి. వాలు జాస్తిగా ఉన్నచోట కర్రమేకులు దిగ్గొట్టాలి. అప్పుడు నీళ్ళు. ఇదంతా దసరా దాటాక, ఈశాన్య వానలు పట్టే వేళకు చేసేవాళ్ళు. మా నెల్లూరు సీమకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ మబ్బుల్లో మనిషి పోసేది కొంచెం, దేవుడు పోసేది ఎక్కువ. వేసిన గరిక సంక్రాంతికల్లా కట్టను గట్టిగా పట్టుకునేది.

మొన్న బంధువుల అమ్మాయి వాళ్ళ ఇంటికి పోయినప్పుడు ఆ పిల్ల తమ లాన్‌ను దిగులుగా చూపించింది.

"పెదనాయనా, రోజూ రెండుపూటలా నీళ్ళు కొడతానే ఉండాను. అయినా ఎట్టా ఎండిపోతోందో చూడు."

"మూల ఎత్తి చూసినావా అమ్మా?"

"ఎత్తొచ్చా? నీళ్ళు కొట్టమన్నారంతే. ఇంకేం చెప్పలేదే."

అదీ సంగతి. గడ్డి పరిచినతను డబ్బులు తీసుకుని, ఒక్క మాట చెప్పి బండెక్కి పోయాడు. నేను వంగి, ఒక పలక అంచు కింద రెండు వేళ్ళు దూర్చి లేపాను. పైన ఆకు తడికి మెరుస్తా ఉంది. పలకతో వచ్చిన నల్లమట్టి చెమ్మగా ఉంది. దాని కింద మా గరప నేల మాత్రం ఎర్రటి పొడి, ఊదితే లేచేట్టు ఉంది. ఒక్క వేరు కూడా కిందికి దిగలేదు. సన్నటి తెల్ల వేళ్ళు నాలుగైదు పలక అడుగున అడ్డంగా పాకి, పొడి తగలగానే కొసలు గోధుమరంగుకు తిరిగి అక్కడే ఆగిపోయాయి. పైపు పట్టుకుని ఆకు మెరవగానే కట్టేస్తే ఇంతే జరుగుతుంది. పైనున్న మట్టి మెత్తనిది, చల్లిన కాసిని నీళ్ళూ అదే తాగేస్తుంది, కిందికి వదలదు.

దీనికి తిరగబడ్డ తప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. రాత్రి పైపు వదిలేసి నిద్రపోతారు. తెల్లారి పలక ఎత్తితే బురద, కుళ్ళు వాసన. నీళ్ళలో మునిగిన వేరుకు గాలి ఆడదు, రాత్రంతా తడిసిన ఆకుకు బూజు పడుతుంది.

మా అమ్మ మిరప నారు నాటించేటప్పుడు చూసేవాణ్ణి. పొద్దు వాలాక నాటు, నాటిన వెంటనే నీళ్ళు, మూడో నాడు జీవతడి. నారు ఊనుకున్నదాకా చంటిబిడ్డను చూసినంత శ్రద్ధ. ఊనుకున్నాక మాత్రం తడికీ తడికీ ఎడం పెంచేది. కొంచెం బెట్ట పెడితేనే వేరు కిందికి దిగుతుందని ఆమెకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. గడ్డి పలకకూ అదే న్యాయం. కోసినప్పుడే దాని వేళ్ళు తెగిపోయాయి కాబట్టి పరిచిన అరగంటలోపే మొదటి తడి పడాలి. కింద నేల బెత్తెడు లోతు నానేదాకా ఆపకూడదు. మొదటి వారం పొద్దున ఒకసారి, ఎండ ముదిరితే మధ్యాహ్నం ఇంకోసారి, సాయంత్రం పొద్దుండగానే మరోసారి కొంచెం కొంచెం పెట్టాలి. రోజూ ఒకచోట మూల ఎత్తి చూడాలి. గోడ వారనా, టైల్స్ అంచునా ముందు ఎండుతుంది, అక్కడ ఇంకాస్త పోయాలి. రెండో వారానికి మూల పట్టి లాగితే రానని మొరాయించాలి. అట్టా పట్టిందంటే ఊనుకున్నట్టే. ఇక పూటపూటా చల్లడం మానేసి, రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున నిండు తడి ఇవ్వాలి. ఆ తర్వాత ఎడం ఇంకా పెంచాలి. ఇంతే ఉంది ఇందులో విద్య. ఎవరు నేర్పుతున్నారు?

పైగా పలకలు పరిచిన మూడో నాడే దాని మీద షామియానా వేసి, కుర్చీలు పేర్చి, వచ్చిన చుట్టాలందరికీ అక్కడే అన్నాలు పెడతారు. తడినేల మీద కుర్చీ కాళ్ళు దిగి గుంటలు పడతాయి, అప్పుడే పుట్టిన వేరు నలిగిపోతుంది. రెండు మూడు వారాలు మనుషుల్నీ, కుక్కల్నీ అటు పోనియ్యకూడదు. కత్తిరింపు కూడా ఊనుకున్నాకే, అదీ ఆకు పొడవులో మూడో వంతుకు మించకుండా. యూరియాకు తొందరేమీ లేదు, లేత వేరు మాడిపోతుంది.

ఏ గడ్డి అన్నది ఇంకో మాట. మెత్తగా తివాచీలా ఉంటుందని కొరియన్ గడ్డి కావాలంటారు. అది మెల్లగా పాకుతుంది, చచ్చినచోట పూడుకోవడానికి నెలలు పడుతుంది. బెర్ముడా అని చదరపు అడుగు లెక్కన అమ్మే రకం మన గరిక జాతే. మా నాయన తరం రైతులు వేసవి దుక్కి దున్ని, గడ్డపారతో వేరు వేరునా పెకలించినా చావకుండా ఏడిపించిన గరిక అది. మా మెట్ట ఎండకు నిలబడే గడ్డి ఏదన్నా ఉందంటే అదే.

ఇక నీళ్ళ లెక్క. సెంటు నేల అంటే 435 చదరపు అడుగులు. దాని మీద ఒక్క అంగుళం నీళ్ళు పెట్టాలంటే 1000 లీటర్లు దాటుతుంది. 15 లీటర్ల బిందెలతో మోస్తే 68 బిందెలకు పైనే. ఐదు సెంట్ల లాన్‌కు ఒక నిండు తడి అంటే 5000 లీటర్ల ట్యాంకర్ ఒకటి ఖాళీ. సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం పక్కనే ఉన్నా, ఆ నీళ్ళు పల్లానికి పారాయి గానీ ఉదయగిరి మెట్టకు ఎక్కలేదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే తాగే నీళ్ళు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. కరువు సంవత్సరాల్లో బత్తాయి చెట్టును బతికించుకోవడానికి ట్యాంకర్లు తోలించుకున్న రైతులున్నారు. అట్టాంటి చోట పది సెంట్ల లాన్ వేసి సగం నీళ్ళు టైల్స్ మీదుగా రోడ్డుకు పారిస్తే నేను ఒప్పుకోను.

ఇది నా చాదస్తం కాదు. 1369లో ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వెలిగొండలకు అవతల పోరుమామిళ్ళ చెరువు కట్టించి శాసనం వేయించాడు. చెరువుకు ఉండాల్సినవి 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో చెక్కించాడు. నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ ఆరింటిలో ఒక దోషం. నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం ఇంకో దోషం. చౌడు నేల కూడా దోషాల్లోనే ఉంది. ఆరున్నర వందల ఏళ్ళ కిందటే ఈ సీమ ఏలినవాళ్ళు నీళ్ళు చూసుకుని నేల కొలిచారు. ఇప్పుడు ప్లాన్ గీసే ఇంజనీరు నేల చూసి లాన్ గీస్తాడు, బోరులో ఎన్ని నీళ్ళున్నాయో, అవి ఉప్పో మంచివో అడగడు. ఉప్పునీళ్ళు పెట్టినచోట నేల మీద తెల్లటి పొర తేలి గడ్డి కొసలు మాడతాయి, ఎంత పోస్తే అంత మాడతాయి. మీ నీళ్ళకు రెండు సెంట్లే చాలుతుందంటే రెండు సెంట్లే వెయ్యండి. మిగతా చోట ఒక వేపో, కానుగో పెట్టుకోండి. వాటికి మొదట్లో కొన్నాళ్ళు పోస్తే చాలు.

వేసుకోదలచినవాళ్ళు ఈ ఎండల్లో గడ్డి తెప్పించవద్దు. ఇప్పుడు చెయ్యాల్సిన పని వేరే ఉంది. ఆ చోటు జానెడు లోతు తవ్వి, గడ్డలు తిరగేసి అట్టాగే వదిలెయ్యండి. తుంగగడ్డలూ, పాత కసువు వేళ్ళూ పైకి తేలి చాలామటుకు మాడిపోతాయి. తొలకరి జల్లుకు మిగిలినవి మొలిస్తే కూలీని పెట్టి మళ్ళీ ఏరించండి. అప్పుడు బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి, గడ్డలు చిదిపి, వాన నీళ్ళు ఇంటి గోడ వైపు కాకుండా బయటికి పోయేట్టు వాటం పెట్టి చదును చెయ్యండి. దసరా దాటాక నర్సరీకి ఫోను చెయ్యండి. లారీ వచ్చే రోజు తెల్లవారేసరికే నేల తడిపి, పరిచే మనుషుల్ని పిలిపించి పెట్టుకోండి.