మూడు గంటల పెళ్లికి మూడు గంటలు

డిస్కు లోపల పెట్టావు. గిర్రున తిరిగింది, కాసేపు గురగురలాడింది, చివరికి కంప్యూటరు చదవలేనంది. అంతే, "పోయింది" అని చేతులు దులుపుకున్నావు. నాయనా, ఒక వస్తువు పోయిందని తేల్చడానికి నీ తరానికి పది సెకన్లు చాలు. వీధి చివరి కొట్టుదాకా నడిచే ఓపిక లేక ఉప్పు ప్యాకెట్టు కూడా ఫోన్లో నొక్కి తెప్పించుకునే వాళ్లు మీరు. ఆగడం మీకెవరూ నేర్పలేదు. ఈ ఒక్కసారికి ఆగు. ఆ డిస్కులో మీ అమ్మ పెళ్లి ఉండొచ్చు, నీ అన్నప్రాశన ఉండొచ్చు, నువ్వు చూడని ముత్తాత నడక ఉండొచ్చు. దాన్ని చెత్తబుట్టలో వెయ్యకు.

మా రోజుల్లో పెళ్లి వీడియో అంటే వీహెచ్ఎస్ క్యాసెట్. అర అంగుళం వెడల్పు టేపు, మూడు గంటల నిడివి. మా పెద్దమ్మాయి పెళ్లి 1993లో. భుజాన కెమెరా పెట్టుకుని ఒకాయన, ఆయన వెనకాల వైరు చుట్టలు ఈడ్చుకుంటూ, ఫోకస్ లైటు ఎత్తి పట్టుకుని ఒక కుర్రాడు. ఆ లైటు వేడికి పురోహితుడు గారికి చెమటలు పట్టి, మంత్రం మధ్యలో ఆపి "బాబూ, కాస్త అటు తిప్పు" అనేవారు. క్యాసెట్ చేతికి రావడానికి వారాలు పట్టేది. వచ్చాక చూస్తే పూలరేకులు విచ్చుకుని అందులోంచి పెళ్లికూతురు, గుండె బొమ్మలోంచి పెళ్లికొడుకు, వెనకాల సినిమా పాట. నాదస్వరం వినబడకుండా ఆ పాట పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా టీవీ, డెక్కు ఉన్న ఇంటి హాల్లో చాపలు పరుచుకుని వీధి వీధంతా కూర్చుని చూసింది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి మా బావమరిది "వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు" అని గోల. ఎందుకంటే అక్కడ వాడు కనిపిస్తాడు.

వియ్యంకుల వారికి ఒక కాపీ కావాలన్నారనుకో. స్టూడియోలో రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి, వైరు కలిపి, ఒకదాంట్లో వేసింది ఇంకోదాంట్లోకి ఎక్కించేవారు. మూడు గంటల పెళ్లికి మూడు గంటలూ పట్టాల్సిందే, అడ్డదారి లేదు. నేను ఆ స్టూడియోలో బల్ల మీద కూర్చుని, రెండు టీలు తాగి, పెళ్లంతా మళ్లీ చూసి, అప్పుడు క్యాసెట్ తీసుకుని ఇంటికి వచ్చాను. టేపు ఎక్కడన్నా ముడతపడితే తెర మీద గీతలొచ్చేవి. చూస్తున్నాం కాబట్టి తెలిసిపోయేది. కాపీ చెయ్యడమూ సరిచూడడమూ మాకు ఒకటే పని. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే మీ కాలం వచ్చాక తెగిపోయింది ఇక్కడే.

చిన్నమ్మాయి పెళ్లి 2005లో. అప్పటికి క్యాసెట్ అడిగితే నవ్వేవారు. జంట ఫొటో అచ్చేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఒక డీవీడీ చేతిలో పెట్టి, "వందేళ్లు ఉంటుందండీ, చెక్కుచెదరదు" అన్నారు. ఆ కొట్టు పేరు ఇప్పుడెందుకులే. డీవీడీని అసలు వేగంతో నింపితే దగ్గర దగ్గర గంట పడుతుంది. పదహారు రెట్ల వేగంతో ఆరు నిమిషాల్లో కొట్టి పడేస్తారు. మూడు గంటల పెళ్లిని ఆరు నిమిషాల్లో! రాసిందాన్ని ఎవరన్నా కూర్చుని చూశారా? చూడరు. అలాంటి డిస్కులు బొత్తులు బొత్తులుగా కొట్టి, వరసగా పెట్టెల్లో పెట్టి పంపేస్తారు.

ఆ రాత ఏమిటో కూడా చెప్తాను. నీకు బర్న్ అనే మాట తెలుసు గానీ అక్కడ ఏం కాలుతుందో తెలీదు. కొట్లో కొన్న సినిమా డిస్కు మీద గుంటలు ఫ్యాక్టరీలోనే అచ్చుగుద్ది వస్తాయి. ఇంట్లోనో స్టూడియోలోనో రాసుకునే డిస్కులో అలా కాదు. రెండు సన్నటి ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఒక రసాయన రంగు పూత ఉంటుంది. లేజరు దాన్ని చుక్కలు చుక్కలుగా మారుస్తుంది, ఆ చుక్కలే మీ అమ్మ పెళ్లి. ఆ రంగుకి ఎండ పడదు, వేడి పడదు. వేసవిలో రేకుల షెడ్డు కింద బీరువా మీద పెట్టామా, నెమ్మదిగా వెలిసిపోతుంది. తొందర తొందరగా రాసిన చుక్కలు ఒక్కోసారి మొదటి నుంచీ బలహీనంగా ఉంటాయి, అలాంటివే ముందు పోతాయి.

ఇంకో సంగతి ఉంది, అది తెలిసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. డిస్కు మీద రాత మధ్యలో మొదలై చుట్లు చుట్లుగా బయటి అంచుకి వెళ్తుంది. పాడవడం మటుకు ఎక్కువగా అంచు దగ్గర మొదలవుతుంది. వేళ్లు పడేదీ అక్కడే, బిళ్లలు విడేదీ అక్కడే, కొద్దిగా వంగితే ఎక్కువ ఊగేదీ అక్కడే. ఇప్పుడు మన పెళ్లి ఎలా నడుస్తుందో ఆలోచించు. స్నాతకం, కాశీయాత్ర లోపలి చుట్లలో క్షేమంగా ఉంటాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు మధ్యలో. అప్పగింతలు చిట్టచివర, అంచు మీద. పెళ్లి మొత్తంలో మనిషన్నవాడు ఏడ్చే ఆ ఒక్క ఘట్టాన్నీ తీసుకెళ్లి, ముందు పోయే చోట పెట్టారు.

మా చిన్నమ్మాయి అప్పగింతల్లో మా అమ్మ పాట పాడింది. పాలల్లో ముంచిన పిల్ల చేతులు వియ్యపురాలి చేతుల్లో పెడుతుంటే, పక్కనే కూర్చుని, గొంతు వణుకుతున్నా ఆపకుండా, మొదటినుంచి చివరిదాకా పాడింది. మరుసటేడు పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. క్యాసెట్లో లేదు, ఫోన్లో లేదు, ఆ డిస్కు అంచు మీద మాత్రమే ఉంది. మొన్న దసరాకి పిల్లలు వచ్చారని పెట్టి చూస్తే, తలంబ్రాలయ్యాక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, ఆగిపోయి, ప్లేయరు తనంతట తాను ఆరిపోయింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా పక్కింటాయన టూత్‌పేస్టు పెట్టి రుద్దమన్నాడు. కింది ప్లాస్టిక్ మీద పైపై గీతలుంటే పాలిష్ పనిచేస్తుంది, కాదనను. లోపలి రంగే వెలిసిపోతే ఎంత రుద్దినా కొత్త గీతలు తప్ప ఏం రావు. ఇంకొకరు తుడవమని చెప్పి గుండ్రంగా తిప్పడం మొదలెట్టారు, లాక్కున్నాను. తుడిస్తే మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే, పడిన గీత రాత వెంబడే పోయి ఒకేచోట బోలెడంత తినేస్తుంది. అడ్డంగా పడిన గీతని డిస్కు తట్టుకుంటుంది. ఎలా తట్టుకుంటుందో తెలుసా? 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు ఒక లెక్క కనిపెట్టారు. అసలు అంకెలతో పాటు కొన్ని అదనపు అంకెలు రాసి పెట్టుకుంటే, కొన్ని చెరిగిపోయినా మిగతావాటి నుంచి తిరిగి కట్టొచ్చు. మీ సీడీ, డీవీడీ రెండూ నిలబడింది ఆ లెక్క మీదే. చూశావా, అందులో ఉన్న ఒక్క మంచి సంగతీ మా కాలందే.

ఇంజనీరింగు చదివే మనవడు ఉన్నాడు కదా అని అప్పజెప్పాను. వాడి లాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు! లక్ష రూపాయల యంత్రం, ఒక పళ్లెం బయటికి రాదు. రిపేరు కొట్టులో మూలపడేసిన పాత డ్రైవొకటి పట్టుకొచ్చి తగిలించాడు. ముందు అందరూ చేసే పనే చేశాడు, ఫైళ్లని మౌసుతో పట్టుకుని లాగాడు. డీవీడీలో వీడియో ఒక్కొక్కటీ గరిష్ఠంగా ఒక జీబీ ఉండే ముక్కలుగా ఉంటుంది, వాటిని వీఓబీ ఫైళ్లంటారు. నాలుగు వచ్చాయి. అయిదోది సగంలో ఆగి, తప్పు చూపించి, వచ్చిన సగం కూడా తీసేసింది. ఆ అయిదోదాంట్లోనే మా అమ్మ ఉంది. ఒక చోట చదవలేకపోతే ఫైలు మొత్తం వదిలేస్తుందట ఆ కాపీ పద్ధతి. ఒక్క గింజ పుచ్చిందని బస్తా బియ్యం గోదాట్లో పోసినట్టు! ఈ తొందర ఎవడు నేర్పాడు దానికి?

వాణ్ణి మెచ్చుకోవాలి, అక్కడితో వదల్లేదు. ఫైళ్ల జోలికి పోకుండా డిస్కుని మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఒకే ముద్దగా ఎత్తే దారి వెతికాడు. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము, రాసినాయన ఆంటోనియో డియాజ్ డియాజ్. ఆయన చల్లగా ఉండాలి. అది ముందు సులువుగా వచ్చే చోట్లన్నీ చదివేసుకుంటుంది, మొండికేసిన చోట పట్టుబట్టి కూర్చోకుండా దాటిపోతుంది. ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అని ఒక చిట్టా రాసుకుంటుంది. తర్వాత వెనక్కి వచ్చి, రాని చోట్లని అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ కొంచెం కొంచెం గీరుతుంది. మధ్యలో ఆపెయ్యొచ్చు, మర్నాడు చిట్టా చూసుకుని అక్కడి నుంచే మొదలెడుతుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, డ్రైవు మార్చి అదే చిట్టాతో కొనసాగించొచ్చు. ఒక డ్రైవుకి కనబడని చుక్క ఇంకో డ్రైవు కంటికి ఆనుతుంది. ఏ రెండు డ్రైవుల లేజరూ ఒక్కలా చూడవు.

అయినా అంచు దగ్గర సతాయించింది. అప్పుడు వాడు డ్రైవు వేగం తగ్గించాడు. తగ్గించి, ఇంకా తగ్గించి, కిందికి ఎంతుంటే అంతకి దించాడు. అప్పటిదాకా రొద పెట్టిన డ్రైవు నెమ్మదించి, ఒక్కో ముక్కా ఇవ్వడం మొదలెట్టింది. రాత్రంతా వదిలేశాం. నేను పడుకోలేదు, ఆ గదిలోనే కుర్చీ వేసుకున్నాను. వాడు నాలుగైదుసార్లు వచ్చి "తాతయ్యా, నువ్వు చూసినా చూడకపోయినా అది దాని పని అది చేసుకుంటుంది" అన్నాడు. స్టూడియోలో బల్ల మీద కూర్చున్నవాణ్ణిరా నేను, ఇక్కడ కూర్చోనా?

తెల్లారేసరికి చిట్టాలో కొన్ని చుక్కలు తప్ప అన్నీ నిండాయి. మిగిలినవి ఎంతకీ రాలేదు. డీవీడీ తప్పులు దిద్దుకునేది 32 కిలోబైట్ల ముక్కకి ఒక లెక్క చొప్పున, అంటే ఒక ముక్క పోతే వీడియోలో సెకనులో పదో వంతు కూడా పోదు. కాకపోతే అందులో పూర్తి బొమ్మ అర సెకనుకోసారి మాత్రమే వస్తుంది, మధ్యలోవన్నీ ముందు బొమ్మకీ దానికీ ఉన్న తేడాలే. అందుకని ఆ పోయిన చోట, తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా వియ్యపురాలి చీర గళ్లు గళ్లుగా చెదిరింది. మా అమ్మ పాట మధ్యలో ఒకచోట అర అక్షరం మింగినట్టయింది. ఆ అక్షరం నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ విన్న పాటే. నా చెవికి అది వినబడుతూనే ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "అత్తయ్య" అని అక్కడే కూర్చుండిపోయింది.

టేపే మేలా అంటావు. పెద్దమ్మాయి క్యాసెట్ తీశాం, తెల్లటి బూజు. గోదావరి జిల్లాల వానాకాలం గాలికి టేపు అంచంతా పట్టేసింది. అలాగే వేస్తే డెక్కు హెడ్డు పాడవుతుంది, ముందు బూజు తుడిపించాలి. తుడిపించినా వేసే డెక్కు కావాలి. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. పైగా క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన కొద్దీ రంగు చెదిరేది. వియ్యంకుల కాపీలో పెద్దమ్మాయి పట్టుచీర ఎరుపో వంగపండో చెప్పలేం. డిస్కు నుంచి ఎత్తిన ముద్ద ఎన్నిసార్లు కాపీ చేసినా మొదటిదానిలాగే ఉంటుంది. ఈ ఒక్క విషయం మీకు ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాను కదా అని మురిసిపోకు. చెదరని కాపీ చేసే విద్య చేతిలో పెట్టుకుని కూడా చెయ్యని వాళ్లు మీరు. ఫోన్లో వేల వీడియోలు నింపుకుంటారు, ఒక్కటీ రెండోసారి చూడరు.

డిస్కు మీద తీసే చిన్న కెమెరాలు కూడా వచ్చాయి అప్పట్లో. ఎనిమిది సెంటీమీటర్ల బుల్లి డీవీడీ, మామూలుగా తీస్తే అరగంట పడుతుంది. అమెరికా నుంచి వచ్చిన వాళ్ల చేతుల్లో అవే ఉండేవి. తీశాక ఫైనలైజ్ చెయ్యాలి, అంటే ఇక రాత అయిపోయిందని డిస్కు మీద ముగింపు రాయించాలి. చాలామంది చెయ్యలేదు. అలాంటిది కంప్యూటర్లో పెడితే ఖాళీ డిస్కు, ఫార్మాట్ చెయ్యనా అని అడుగుతుంది. వద్దను. కెమెరా అటక మీదుంటే దించి, అందులోనే ఫైనలైజ్ చెయ్యి. కెమెరా అమ్మేసి ఉంటే ఐసోబస్టర్ లాంటివి పైకి కనబడని రాతని కూడా వెతికి తీస్తాయి. ఖాళీ అని కంప్యూటరు చెప్పినంత మాత్రాన ఖాళీ కాదు.

ఈ సంగతి బంధువుల్లో పాకింది. తలంబ్రాల దగ్గర వెనక్కి తిప్పమనే బావమరిది నిన్న ఫోన్ చేశాడు. వాళ్లింట్లో గోనెసంచిలో పాత సీడీలున్నాయట, పిల్లల పుట్టినరోజులూ, గృహప్రవేశమూ అన్నీ. ప్రతిదాని మీదా రంగు కాగితం స్టిక్కరు అంటించారట, ఊడిపోతున్నాయి, పీకేసి శుభ్రం చేసి పంపిస్తానన్నాడు. పీకొద్దు అని కేకేశాను. సీడీకి రాత ఉండేది పై వైపు పూత కిందే, స్టిక్కరుతో పాటు ఆ వెండి పొర కూడా లేచి వచ్చేస్తుంది. ఊడినవి ఊడినట్టు, నిలబెట్టి, ఎండ తగలకుండా బస్సులో వేసి పంపమన్నాను. సంక్రాంతి సెలవులకి మనవడు వస్తాడు, ఈసారి రెండు డ్రైవులు తెమ్మని చెప్పాను.